పడి లేచిన దరువు

మాట లేకుండా కష్టం చెప్పాలి. మాట లేకుండానే కోలుకోవడమూ చెప్పాలి. వాద్య సంగీతం కట్టాలనుకునే కుర్రకారుకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో దొరికే ముడిసరుకు ఏమిటి?

ముసురు పట్టిన రోజున డప్పు పలకదు. తోలు చెమ్మ పీల్చుకుని వదులవుతుంది. దెబ్బ వేస్తే మొద్దుగా మోగి అక్కడే ఆగిపోతుంది. అప్పుడు డప్పు పట్టేవాళ్లు ఇంత ఎండుగడ్డో, నాలుగు చితుకులో పోగేసి మంట పెట్టి, డప్పు ముఖాన్ని దానికి చూపిస్తారు. చెమ్మ ఆరేకొద్దీ తోలు బిగుస్తుంది, బిగిసేకొద్దీ శ్రుతి పైకెక్కుతుంది. మధ్యమధ్య సిర్ర అనే కర్రతో ఓ దెబ్బ వేసి చూసుకుంటారు. మరీ కాగితే తోలు చిట్లుతుంది. సరిగా కాగకపోతే నాలుగు దరువులకే మళ్లీ జారుతుంది. ఎంత కాగాలో కొలిచే పరికరం లేదు, చెవి చెప్పాల్సిందే.

ఊరు వినేది ఆ తర్వాత మోగే దరువునే. మొద్దు చప్పుడు నుంచి ఖంగుమనే చప్పుడు దాకా సాగే ఆ కాసేపటిని ఎవరూ సంగీతం అనుకోరు. నేనైతే అనుకుంటాను. వదులైపోవడం, నిప్పు ముందు నిలబడటం, మళ్లీ పలకడం. ఇంతకు మించిన ఇతివృత్తం ఏ వాద్యకారుడికి కావాలి?

జీవితంలో ఎదురుదెబ్బలు, వాటిని దాటుకుని రావడం అన్న అంశం మీద పాట లేని సంగీతం కట్టాలన్న ఉబలాటం ఇప్పుడు చాలామందిలో ఉంది. ల్యాప్‌టాప్, చిన్న కీబోర్డు, హెడ్‌ఫోన్ ఉంటే జిల్లా కేంద్రంలోని అద్దె గదే స్టూడియో. షార్ట్ ఫిల్ములకు, రీల్స్‌కు, పోటీ పరీక్షల కోచింగ్ వీడియోలకు ఈ రకం ట్రాకులు బోలెడు కావాలి కూడా. వింటే మాత్రం అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదట పియానో మీద నాలుగు నెమ్మది స్వరాలు, తర్వాత వయొలిన్ల గుంపు, రెండో నిమిషంలో డ్రమ్స్, మూడో నిమిషంలో కొండెక్కి చేతులు చాచిన మనిషి. జనగామలో పుట్టిన కష్టమూ జర్మనీలో పుట్టిన కష్టమూ ఒకే పియానో మీద ఏడుస్తున్నాయి.

పియానో మీద నాకు పగ లేదు. కానీ ఈ మూడు జిల్లాల్లో మాట సాయం లేకుండా పతనాన్నీ పురోగతినీ వాయించే పద్ధతులు చేతికందే దూరంలో ఉన్నాయి. వాటిని పక్కన పెట్టి, రెడీమేడ్ లూపుల్లో కన్నీళ్లు వెతుక్కోవడం ఎందుకన్నదే నా పేచీ.

పాడె దించిన చోట

చావు ఇంటి ముందు మోగేది ఏడుపు దరువు కాదు. తెలంగాణ పల్లెల్లో చావు డప్పును మొదటిసారి విన్న కొత్తవాళ్లు విస్తుపోతారు. ఇంత చురుకైన లయేమిటి, జనం ఆ దరువుకు అడుగులు వేయడమేమిటి అని. అది పాడె మోసేవాళ్ల నడకను పట్టి ఉంచే లయ. దుఃఖాన్ని వర్ణించే పని డప్పు పెట్టుకోదు. దుఃఖంలో ఉన్నవాళ్లను కాటి దాకా నడిపించడమే దాని పని.

దారి మధ్యలో దింపుడు కళ్లం వస్తుంది. పాడె దించుతారు. డప్పులు ఆగుతాయి. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పలుకు ఉండదు. పాడె లేస్తుంది, డప్పు మళ్లీ అందుకుంటుంది.

దీన్ని ఒక సంగీత నిర్మాణంగా చూడండి. ఆగకముందు మోగిన దరువే ఆగిన తర్వాతా మోగుతుంది. ఒక్క దెబ్బ మారదు, వేగం మారదు. అయినా వినేవాళ్లకు అది పాత దరువు కాదు. మధ్యలో ఒక ఆశ పుట్టి పోయింది కనుక. ముందు విన్నదాన్నే మళ్లీ వినిపించి, దాని అర్థం మాత్రం మార్చేయడం గొప్ప స్వరకర్తలకు కూడా ఎప్పుడో గాని కుదరదు. ఇక్కడ దానికి కావాల్సింది సరైన చోట ఒక నిశ్శబ్దం. మన కుర్రాళ్ల ట్రాకుల్లో నాకు దొరకనిదీ అదే. మూడు నిమిషాల్లో ఒక్క క్షణమైనా ఏ వాద్యమూ ఊరుకోదు. ఖాళీ వదిలితే వినేవాడు వేలితో పైకి తోసేస్తాడన్న భయం కాబోలు.

ఒగ్గు నడుము

జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలంలోని మాణిక్యపురం పేరు చెబితే ఒగ్గుకథ గుర్తుకొస్తుంది. చుక్క సత్తయ్య ఊరు అది. 1935లో పుట్టి, 2017 నవంబరు 9న కన్నుమూసేదాకా మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను ఊరూరా చెప్పారు. జాతరల్లో, కొలుపుల్లో కురుమల ఇంటి ముందు సాగిన కథను పట్నం వేదికల మీదికి, రేడియోకి, టీవీకి తెచ్చినవాళ్లలో ఆయన ముందు వరసలో ఉంటారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన కథ చెబుతుంటే గొంతు ఎంత ముఖ్యమో వెనక డోళ్లు, తాళాలు అంత ముఖ్యం. కథకుడు ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా డోలు అందుకునేది. మల్లన్న కోపం, ఎల్లమ్మ కష్టం మాటల్లో ఎంత వచ్చాయో, మాట ఆగాక డోలు మీద అంత వచ్చాయి.

ఇప్పుడు ఆ డోలు కథ నుంచి విడిపోయి సొంతంగా నిలబడింది. ఒగ్గు డోలు విన్యాసం పేరుతో రాష్ట్ర ఉత్సవాల్లో, ఊరేగింపుల్లో మనం చూస్తున్నది అదే. కథకుడు లేడు, పాట లేదు. డోళ్లు, తాళాలు, వాటిని పట్టుకున్న మనుషులు. నెమ్మదిగా మొదలై వేగం పెరుగుతుంది. ఒక దశలో ఒకరి భుజాల మీద ఒకరెక్కి గోపురం కడతారు, పైనున్నవాడు అక్కడ నిలబడే వాయిస్తాడు. అచ్చమైన వాద్య ప్రదర్శన ఇది. 'ఇన్‌స్ట్రుమెంటల్' అనగానే మనకు వీణ, వయొలిన్ గుర్తొస్తాయి గాని ఒగ్గు డోలు గుర్తుకు రాదు. అది మన అలవాటులో ఉన్న లోపం, డోలులో ఉన్నది కాదు.

ఒగ్గు అంటే శివుడి చేతిలోని డమరుకమే. రెండు కొనలూ వెడల్పు, నడుము సన్నం. శాస్త్రీయ సంగీతంలో లయ నడకకు యతులు చెబుతారు: సమ, స్రోతోవహ, గోపుచ్ఛ, మృదంగ, డమరు, విషమ అని ఆరు. గోపుచ్ఛ పోనుపోను సన్నబడుతుంది. ముత్తుస్వామి దీక్షితుల 'త్యాగరాజ యోగవైభవం' కీర్తనను దానికి ఉదాహరణగా చూపిస్తారు. స్రోతోవహ ఏరులా పోనుపోను వెడల్పవుతుంది. డమరు యతి వెడల్పుగా మొదలై, నడుములా సన్నబడి, మళ్లీ వెడల్పవుతుంది.

ఎదురుదెబ్బ తిని లేచిన మనిషి కథకు ఇంతకన్నా సరిపోయే అచ్చు ఉందా? నోటితో అని చూడండి. 7 అక్షరాలు: తకధిమితకిట. తర్వాత 5: తకతకిట. తర్వాత 3: తకిట. చేతిలో ఉన్నది కొద్దికొద్దిగా జారిపోతోంది. ఇక్కడ 2 మాత్రలు ఊరుకోండి. అది డమరుకం నడుము. మళ్లీ తకిట, తకతకిట, తకధిమితకిట. ఇటు 15, మధ్యన 2, అటు 15, మొత్తం 32. చతురశ్ర గతిలో క్రియకు 4 మాత్రల చొప్పున 8 క్రియలు, అంటే ఆది తాళం ఒక ఆవర్తం సరిగ్గా నిండుతుంది.

లెక్క ముచ్చటగా ఉంది. మరీ ముచ్చటగా ఉండటమే దీనిలో చిక్కు. నిజంగా పడ్డవాడెవడూ పోయినదంతా పోయిన వరసలోనే తిరిగి సంపాదించుకోడు. పంట పోయి అప్పుల పాలైన రైతు కోలుకున్నాడంటే అదే భూమిలో అదే పంటతో అని కాదు. ఆటో కొనుక్కుని ఉండొచ్చు, కొడుకు ఉద్యోగం మీద నిలబడి ఉండొచ్చు. అందుకని రెండో సగాన్ని అద్దంలో బొమ్మలా దించకూడదు. 3, 5 వచ్చాక 7 రావాల్సిన చోట 3, 4గా విడగొట్టండి: తకిట తకధిమి. కూడిక 7కే వస్తుంది, ఆవర్తం చెడదు. చెవికి మాత్రం ఇంకోసారి తూలి, అప్పుడు నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. నాకైతే ఆ తూలుడే నమ్మదగ్గదిగా వినిపిస్తుంది.

ఒగ్గు కళాకారులు ఈ యతుల పేర్లు వాడరు, వాళ్లకు ఆ అవసరమూ లేదు. పేర్లు కావాల్సింది కంప్యూటర్ ముందు కూర్చుని గడులు నింపేవాళ్లకు.

ఇదే జనగామ జిల్లాలోని పాలకుర్తి, కవి పాల్కురికి సోమనాథుడి ఊరు. పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వచ్చిన భక్తుల సందడిని చెబుతూ వాద్యాలు, వీణల్లో రకాలు, రాగాల పేర్లు ఆయన గుక్క తిప్పుకోకుండా వల్లిస్తాడు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి తెలుగు నేల మీద ఏమేం మోగేవో తెలుసుకోవాలంటే సంగీత చరిత్రకారులు ఇప్పటికీ ఆ పేజీలే తిరగేస్తారు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లెకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. 50 ఏళ్లకు పైగా సాగిన రంగస్థల జీవితంలో 19 వేలకు పైగా ప్రదర్శనలు. అన్ని రాత్రులు ఆడినవాళ్ల వెనక మద్దెల వాయించినవాళ్ల చేతుల్లో ఎంత నేపథ్య సంగీతం ఇంకిపోయి ఉంటుందో!

ఓడినవాళ్ల డోలి, గెలిచినవాళ్ల పేరిణి

సమ్మక్క సారలమ్మ జాతర జరిగే మేడారం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. 2019 ఫిబ్రవరిలో ములుగు విడిపోయేదాకా జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిదే, 2018 జాతర ఆ జిల్లాలోనే జరిగింది. అడవికి, వాగులకు ఈ గీతలతో పనిలేదు. రెండేళ్లకోసారి మాఘమాసంలో నాలుగు రోజులు. మొదటి రోజు కన్నెపల్లి నుంచి సారలమ్మ, మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు వస్తారు. రెండో రోజు చిలకలగుట్ట దిగి సమ్మక్క వస్తుంది. మూడో రోజు తల్లులు గద్దెల మీద ఉంటారు. నాలుగో రోజు వనప్రవేశం.

జనం చెప్పుకునే కథలో ఉన్నది ఓటమి. కప్పం కట్టలేమన్న కోయల మీదికి కాకతీయ సైన్యం వచ్చింది. పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు యుద్ధంలో కూలిపోయారు. జంపన్న సంపెంగ వాగులో ప్రాణం విడిచాడు, అప్పటి నుంచి అది జంపన్న వాగు అయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. అంతే కథ. గెలుపు ఎక్కడా లేదు.

కానీ ఆ ఊరేగింపులో మోగే వాద్యాల్లో ఓటమి వినిపిస్తుందా? సమ్మక్క గుట్ట దిగే వేళ డోలి అని పిలిచే కోయ డోళ్లు, కొమ్ముల మోత ముందు నడుస్తుంది. పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ పేల్చి వందనం చేస్తాడు. లక్షల గొంతులు లేస్తాయి. ఒకప్పుడు ఏ రాజ్యం చేతిలో ఓడిపోయారో, అలాంటి రాజ్యం తుపాకీయే ఇప్పుడు వాళ్ల తాళంలో ఒక దెబ్బయింది. నాలుగో రోజు తల్లులు అడవికి తిరిగి వెళ్లేటప్పుడూ డోలి ఉంటుంది. రాకకూ పోకకూ వాద్యం తప్పదు.

కోయల్లో డోలి వాయిస్తూ వంశ చరిత్రలు చెప్పేవాళ్లున్నారు. పడిగె అనే బొమ్మల గుడ్డను విప్పి, గొట్టు గోత్రాల పుట్టుక నుంచి సమ్మక్క కథ దాకా చెబుతారు. మణుగూరు ప్రాంతంలోని కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య ఆ పరంపరలోని వారే. 2022లో పద్మశ్రీ అందుకున్నారు, 2024 జూన్‌లో కన్నుమూశారు. అలాంటి ఒక్కొక్కరు వెళ్లిపోయినప్పుడల్లా ఎన్ని దరువులు వెంట వెళ్లిపోయాయో రాసి పెట్టినవాళ్లు తక్కువ. ఆచార్య జయధీర్ తిరుమలరావు, గూడూరు మనోజ కలిసి 'మూలధ్వని' పేరుతో ఆదివాసీ, జానపద వాద్యాలను వెతికి పోగేసిన పనికి అందుకే అంత విలువ.

ఇప్పుడు గెలిచినవాళ్ల సంగతి చూద్దాం. కాకతీయ గణపతిదేవుడి గజసేనాధిపతి జాయప 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో నృత్త రత్నావళి రాశాడు. దేశి నృత్తాల మధ్య పేరిణిని వర్ణించాడు. పాట కంటే లయకే పెద్దపీట వేసే నృత్తం అది. 1323లో ఓరుగల్లు పడిపోయింది. రాజ్యంతో పాటు పేరిణీ పోయింది. మిగిలినవి ఒక పుస్తకం, 1213 నాటి రామప్ప గుడి రాతి మీద ఆగిపోయిన భంగిమలు. డాక్టర్ నటరాజ రామకృష్ణ ఆ పుస్తకాన్నీ ఆ రాళ్లనూ ఏళ్ల తరబడి పరిశీలించి పేరిణి శివతాండవాన్ని తిరిగి కట్టారు. 1985 శివరాత్రికి రామప్ప సన్నిధిలో అది మళ్లీ ప్రదర్శనకు వచ్చింది.

ఈ రెంటినీ పక్కపక్కన పెడితే నాకు తమాషాగా తోస్తుంది. యుద్ధంలో గెలిచిన సామ్రాజ్యం లయ మూగబోయి, ఆరున్నర వందల ఏళ్ల తర్వాత రాళ్లలోంచి ఏరుకోవాల్సి వచ్చింది. ఓడి అడవిలోకి వెళ్లినవాళ్ల డోలి చేతి నుంచి చేతికి అందుతూ వచ్చింది. ఒకటి రాజు కొలువు మీద బతికింది, ఇంకొకటి తండ్రి నుంచి కొడుకు నేర్చుకోవడం మీద బతికింది.

స్వరకర్తకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. కోలుకోవడం ఒకే రకంగా ఉండదు. డోలి పద్ధతి ఒకటి: కింద ఒక దరువు ఆగకుండా సన్నగా నడుస్తూనే ఉంటుంది, పైన ఎన్ని కూలిపోయినా సరే, చివరికి అదే పైకి వస్తుంది. పేరిణి పద్ధతి ఇంకొకటి: అంతా ఆగిపోతుంది, తర్వాత ముక్కలు ఒక్కటొక్కటిగా ఏరుకుని కొత్తగా కట్టుకోవాలి. కట్టింది పాతదానిలాగే ఉంటుందన్న హామీ లేదు. కూర్చునే ముందే ఎవరి కథ కడుతున్నామో తేల్చుకుంటే సగం పని అయినట్టే. వాగు పక్క గుడిసె వరదకు పోయి మళ్లీ వేసుకున్న మనిషిది పేరిణి కథ. ముప్పై ఏళ్లు బొగ్గు బాయిలో షిఫ్టులు చేస్తూ పిల్లలను చదివించిన భూపాలపల్లి కార్మికుడిది డోలి కథ. రెండింటికీ ఒకే రకం ట్రాక్ అతికించడం అన్యాయం.

మానుకోట నుంచి

సినిమా సంగతి రాకుండా తెలుగులో సంగీతం గురించి మాట్లాడటం కష్టం. మహబూబాబాద్‌ను జనం పిలుచుకునే పేరు మానుకోట. ఆ పక్కనే ఉన్న కంబాలపల్లి సంగీత దర్శకుడు చక్రి ఊరు. 1974 జూన్ 15న పుట్టారు. హైదరాబాద్ చేరి, ప్రైవేట్ ఆల్బమ్‌లు చేసుకుంటూ అవకాశం కోసం కాచుకున్నారు. 2000లో పూరి జగన్నాథ్ 'బాచి'తో సినిమాల్లోకి వచ్చారు. ఆ సినిమా ఆడలేదు. తొలి మెట్టు మీదే కాలు జారినట్టు లెక్క. మరుసటి ఏడాది అదే దర్శకుడి 'ఇట్లు శ్రావణి సుబ్రహ్మణ్యం' పాటలు ఆంధ్ర, తెలంగాణ అన్న తేడా లేకుండా మోగాయి. 'ఇడియట్', 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి', 'సత్యం' వరస కట్టాయి. 2010 నాటి 'సింహా'కు నంది పురస్కారం వచ్చింది. 2014 డిసెంబరు 15న గుండెపోటుతో వెళ్లిపోయారు. వయసు 40.

ఆయన పాటలను ఇప్పటికీ హమ్ చేసుకుంటాం. ఆ పాటల మధ్య ఆయన కట్టిన నేపథ్య సంగీతాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎందరు? ఇది చక్రి ఒక్కరి సంగతి కాదు. తెలుగు సినిమాలో మాట లేని సంగీతం కట్టే చోటు రీరికార్డింగే, కానీ దాని పేరు పోస్టర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది. హీరో కూలిపోయే సన్నివేశం ఇన్ని సెకన్లని ఎడిటర్ తేల్చాకే స్వరకర్త పని మొదలవుతుంది. పతనానికి అరనిమిషం, పునరుత్థానానికి ఒక పాట. ఆ కొలతలకు అలవాటు పడిన చెవి సొంతంగా పది నిమిషాల వాద్య రచన చేయాలంటే తడబడుతుంది. మన స్వరకర్తలకు ప్రతిభ లేక కాదు, ఆ పది నిమిషాలు అడిగేవాళ్లు లేక.

అడిగినవాళ్లు ఉన్న కాలం ఒకటుంది. ఆకాశవాణి వాద్యబృందం కోసం రచనలు చేసిన రోజుల్లో, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి (1922-1987) వీణను కీర్తనల నుంచి కాస్త పక్కకు తప్పించి సొంత వాద్య రచనలకు వాడారు. 'ఆదర్శ శిఖరారోహణం' ఆయన రచనల్లో పేరున్నది. శిఖరం ఎక్కడమే దాని వస్తువు, పేరు తప్ప మాట లేదు. ఆయన శిష్యుడు చిట్టిబాబు వీణ మీద కోయిలను కూయించి, గుడి గంటలు మోగించి సామాన్యులను కూర్చోబెట్టారు. 1986లో ఇళయరాజా 'హౌ టు నేమ్ ఇట్' పేరుతో త్యాగరాజునూ బాఖ్‌నూ ఒక్కచోట కూర్చోబెట్టిన వాద్య ఆల్బమ్ తెచ్చారు. తెలుగు ఇళ్లలోనూ ఆ క్యాసెట్టు అరిగిపోయేలా తిరిగింది. సంగీత దర్శకుడు సినిమా బయట కూడా ఏదైనా చెప్పొచ్చని చాలామందికి తెలిసింది అప్పుడే.

నేల జరిగినప్పుడు

చెవుడు ముంచుకొస్తోందని 1802లో తమ్ముళ్లకు ఉత్తరం రాసి, పంపకుండా దాచుకున్నవాడు బీథోవెన్. 1808లో ఆయన ఐదో సింఫనీ వేదిక ఎక్కింది. సి మైనర్‌లో మొదలై సి మేజర్‌లో ముగుస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే షడ్జమం అదే, సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వచ్చింది. నిలబడ్డ నేల కదలలేదు, దాని మీది మెట్టు మారింది.

మన సంగీతంలో దీనికి తలకిందులు పద్ధతి ఉంది. కీబోర్డు మీద మోహనం వాయించండి: స రి గ ప ద. వెలుతురున్న రాగం. ఇప్పుడు ఒక్క స్వరం కూడా మార్చకుండా, తంబూరాను మాత్రం గాంధారానికి జరపండి. అవే ఐదు మెట్లు హిందోళం అవుతాయి. రిషభాన్ని ఆధారం చేస్తే మధ్యమావతి. పంచమాన్ని చేస్తే శుద్ధ సావేరి. ధైవతాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి. గ్రహభేదం అంటారు దీన్ని. కచేరీల్లో విద్వాంసులు చమత్కారానికి చూపించి, చప్పట్లు కొట్టించుకుని వెనక్కి వచ్చేస్తారు. ఎదురుదెబ్బ కథకు దీన్ని వాడినవాళ్లు నాకు ఎక్కువగా తగల్లేదు.

వాడి చూడాల్సింది. ఉద్యోగం పోయిన రోజున మనిషి జీవితంలో ఏమి మారుతుంది? ఇల్లు అదే, వీధి అదే, టీ కొట్టు అదే, పలకరించేవాళ్లూ వాళ్లే. కాళ్ల కింద ఆధారం జరిగింది, అంతే. మోహనంలో మొదలుపెట్టి, మెల్లగా తంబూరాను గాంధారానికి జరిపి కాసేపు అక్కడే ఉంచితే, కొత్త స్వరమేదీ తేకుండానే వెలుతురు తగ్గుతుంది. తిరిగి వచ్చేటప్పుడు మోహనానికే రానక్కర్లేదు. ఒక మెట్టు కింద, రిషభం మీద ఆగొచ్చు. అక్కడుండేది మధ్యమావతి, కచేరీ ముగింపులో మంగళకరమని పాడుకునే రాగం. పడ్డవాడు లేచాడు, కానీ మొదట నిలబడ్డ చోట కాదు.

దీనికింద ఒగ్గు డోలు డమరు యతిలో నడిస్తే ఎలా ఉంటుందో వినాలని నాకు ఆశ. రాగం తెలిసినవాళ్లకు డోలు తెలియదు, డోలు తెలిసినవాళ్లను రాగం తెలిసినవాళ్లు పిలవరు. అదొక పాత జబ్బు.

సిర్ర పట్టిన చేయి

పెళ్లి బరాత్‌ల్లోకి డీజే బాక్సులు వచ్చాక డప్పు బృందాలకు పిలుపులు తగ్గాయి. వినాయక నిమజ్జనమైనా, పుట్టినరోజైనా ట్రాలీ మీద పేర్చిన స్పీకర్లే. ఆ స్పీకర్లలో మోగే తీన్మార్ మాత్రం డప్పు మీదా మోగే దరువే. తోలు డప్పుల బదులు ఫైబర్ ముఖాల డప్పులు కూడా విరివిగా వచ్చాయి. వాటికి ముసురు బాధ లేదు, మంట అక్కర్లేదు. వాయించేవాడికి అది సౌకర్యం, తప్పుపట్టడానికి మనమెవరం? కానీ రికార్డింగ్ చేసే కుర్రాళ్లకు మాత్రం చెబుతాను. ఒక్కసారైనా తోలు డప్పును, అదీ వానకాలంలో రికార్డు చేయండి. కాగకముందు, కాగుతుండగా, కాగాక. మూడు దశలూ వేర్వేరు ఫైళ్లుగా దాచుకోండి. ఏ శాంపిల్ ప్యాక్‌లోనూ దొరకని పతనమూ ఉత్థానమూ అందులోనే ఉన్నాయి.

ఇంకొక మాట టెంపో గురించి. సాఫ్ట్‌వేర్ తెరవగానే 120 అని ఒక అంకె కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేసి మూడు నిమిషాలూ ఆ గడుల్లోనే బతికేస్తారు. డోలు వాయించే మనిషి గడియారం కాదు. అలసటకు కొంచెం జారతాడు, జనం ఊపు చూసి కొంచెం దూకుతాడు. ఒగ్గు డోలు మొదటికీ చివరికీ మధ్య వేగంలో ఉండే తేడాయే దాని కథ. టెంపోను గీతలా కాకుండా వంకరగా గీసుకునే వీలు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంది, వాడేవాళ్లు తక్కువ. దానికన్నా తేలిక దారి, మెట్రోనోమ్ ఆపేసి డోలు వాయించేవాణ్ణి ముందు వాయించనివ్వడం. మీ కీబోర్డు ఆయన వెనక నడుస్తుంది.

అలా వాయించిన వ్యక్తికి ఇవ్వాల్సింది రోజు కూలి కాదు, వాద్యకారుడి పారితోషికం. ఈ మధ్య డప్పు, డోలు శబ్దాలతో వస్తున్న ఫ్యూజన్ ట్రాకుల వివరాలు చూస్తే గిటార్ ఎవరు, మిక్సింగ్ ఎవరు, పోస్టర్ డిజైన్ ఎవరు అని అన్నీ ఉంటాయి. డప్పు దగ్గరకు వచ్చేసరికి 'ఫోక్ పెర్కషన్: గ్రామీణ కళాకారులు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ కళాకారులకు పేర్లున్నాయి, ఊళ్లున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి. యూట్యూబ్ వీడియో కింద ఇంకో వరస రాయడానికి పైసా ఖర్చు కాదు.